వింతా?

ఇంజనీరు కాగితం మీద
గ్యారేజీ అడ్డం మూడు మీటర్లు, నిడివి ఆరు.
కాగితంలో బండి కూడా ఉంది,
తలుపులన్నీ మూసుకుని, సబ్బుబిళ్ల మాదిరి.

నేను నవ్వింది బూ మిషారీ చూసినాడు.
"ఏం రెడ్డెప్పా, తప్పా?"
పదకొండేండ్లుగా నడుపుతా ఉండా ఆ బండిని.
దాని కొలతకు నాకు టేపు పన్లేదు.
నిడివి పన్నెండున్నర మూర,
అడ్డం నాలుగున్నర,
అద్దాలు చెవుల్లాగా చాపితే ఇంకో జాన.
"సారూ, బండి పడుతుంది.
దిగేవాళ్లే పట్టరు."

జహ్రాలో ఆ పొద్దు గాలి లేదు.
రాయచోటిలో బేల్దారి ఎంగటప్ప కింద
మూడేండ్లు సున్నం మోసినవాణ్ణి,
ఇల్లంటే ముందు ముగ్గు పోయాల.
ఇక్కడ ముగ్గుపిండి యాడ తెచ్చేది?
వంటింట్లో కుసుమనడిగితే
పురుగు పట్టిన మైదా సంచి ఇచ్చింది,
సింహళంలో ఏదో తిట్టి.

గుప్పిట్లోంచి సన్నగా వదుల్తా
ఇసుక మీద ఇంజనీరు గోడలు పోసినా.
బండి తెచ్చి నడుమ నిలిపి
నాలుగు తలుపులూ తెరిచినా, వెనక డిక్కీ కూడా.
పిల్లల్ని రెక్కల కిందికి పిలిచే కోడి మాదిరి
నిలబడింది అంత బండీ.
కుడి తలుపు గోడ దాటి
అవతల ఎండలోకి పోయింది.

"చూడండి సారూ,
పెద్దమ్మ దిగేది ఈ పక్క.
చక్రాల కుర్చీ తిరగాలంటే మూడు మూరలు,
పట్టుకునే కుసుమకు ఒకటి.
వాకిలి వాయవ్యానికి పెట్టినారు,
ఈ ఊరి దుమ్ముగాలికి అదే రాదారి,
ఆగ్నేయానికి తిప్పించండి.
నేల రెండు వేళ్ల వాలు ఉండాల,
ఏడాదికొకసారి వచ్చే వాన
ఒక్కసారే అన్ని లెక్కలూ అడుగుతుంది.
కొళాయి ఆ మూల.
చేపల ఫ్రీజరు మాత్రం ఇక్కడొద్దు సారూ."
ఫ్రీజరు ఉండాల్సిందే అన్నాడు.
సరే, నిడివి ఏడు మీటర్లు చేసుకోండన్నా.

ఆయన ఫోన్లో రాసుకుంటా ఉంటే
లోపల ఒక గర్వం,
నా నోటి మాట సిమెంటు కాబోతాందని.
ఎడమ పక్క ఆయన నాయన నాటిన ఖర్జూరం చెట్టు.
దాన్ని ముట్టగూడదని
ఎడమ తలుపులు మూసేసి
జానెడు దూరంలో గోడ పోసేసినా.

అంతలో హెస్సా అమ్మ వచ్చింది కుర్చీలో,
మైదా గోడలోంచి నేరుగా లోపలికి.
కుడి పక్క చెయ్యి చాపి చూసుకుంది,
తలాడించింది.
ఎడమకు తిప్పమనింది.
జానెడు సందు చూసింది. నా పొట్ట చూసింది.
"వింతా?" అనింది.

మన భాషలో ఆ మాట వేరే.
ఆమె భాషలో, మరి నువ్వో?

నేనా.
నేనెప్పుడూ ఊపిరి బిగబట్టే దిగుతా.
పాత షెడ్డు గోడ సున్నం నా చొక్కా వీపున ఉంది,
నా గుండీల గీతలు బండి రంగు మీద ఉన్నాయి.
పదకొండేండ్లు.
అదీ ఒక కొలతేనని
కొలిచేవాడికే తోచలేదు.

"కిటికీలోంచి దూకుతాడేమో" అనింది కొడుకుతో.
బూ మిషారీ చెట్టు వైపు చూసినాడు.
ఫ్రీజరు గురించి ఏదో మొదలుపెట్టి ఆపినాడు.
తర్వాత చెప్పుకాలితో తానే
మైదా గీతను చెరిపినాడు, సగం దాకా.
మిగతాది నేను చెరిపినా.

కొత్త గీత ఎంత దూరం పోయాల?
గుప్పిట పిండి పట్టుకుని చెయ్యి ఆగిపోయింది.
మళ్లీ సీట్లో కూర్చున్నా.
తలుపు అది పోయినంత దూరం పోనిచ్చినా.
దిగినా,
నడుం తిప్పకుండా,
రెండు కాళ్లూ ఒక్కసారే ఇసుకలో.
మడమ పక్కన చిటికెడు వదిలి
ముసలామె మొహం చూసినా.

"ఇంకొంచెం" అనింది.

సంచి దులిపితే పిండి అయిపోయింది.
ఉప్పు తేవడానికి కుసుమ లోపలికి పోయింది.